మిట్టమధ్యాహ్నం రమ్మన్న కాక

మేమంతా కాక అని పిలిచే కోరుట్ల మెకానిక్ చనిపోయాడని గురువారం పొద్దున ఫోన్ వచ్చింది. చెప్పింది మా బడి లెక్కల సారు. "మంచి మనిషే గాని మేడం, బీడీలు తాగి ఊపిరితిత్తులు ఖరాబు చేసుకున్నడట" అని ఇంకో మాట కలిపాడు. నాకు ఒళ్లు మండింది. షెడ్డు చుట్టుపక్కల ఎవరినీ అగ్గిపుల్ల గీయనివ్వని మనిషి బీడీ తాగడమేమిటి? చచ్చిపోయినవాడు వచ్చి కాదనడు గదా అని, కారణాలు కూడా మనమే పుట్టిస్తాం.

నేను జగిత్యాలలో ఉంటాను, మల్యాల దగ్గర బడిలో టీచర్ని. మా ఆయన దుబాయిలో పనిచేస్తాడు. నాలుగేళ్ల కింద సెలవు మీద వచ్చినప్పుడు ఒక పాత కారు కొనిచ్చి వెళ్లాడు. ఆ ఎండాకాలం, వెనక సీట్లో కూర్చునే మా పాప, అప్పటికి ఏడేళ్లది, బడి నుంచి ఇల్లు చేరేలోపు రోజూ కక్కుకునేది. తల పగిలిపోతుందని ఏడ్చేది. మా అత్తమ్మ దిష్టి తీసి, కొండగట్టు గుడికి తీసుకుపోయి తాయెత్తు కట్టించింది. డాక్టరు ప్రయాణం పడటం లేదని మాత్రలు రాశాడు. కారులో పెట్రోలు వాసన వస్తోందని నేను అందరికీ చెబుతూనే ఉన్నాను.

జగిత్యాలలోనే రెండు షాపులకు తిప్పాను. మొదటివాడు కారు కిందికి దూరి చూసి, చుక్క కూడా కారడం లేదు, లీకేజీ లేదన్నాడు. రెండోవాడు నా మాట సగంలో ఆపి, "సారును లైన్ల పెట్టుండ్రి మేడం" అన్నాడు. గల్ఫ్ ఇళ్లవాళ్లకు ఇది కొత్త కాదు. బండి నడిపేది ఇక్కడ, దాని బాగోగులు మాట్లాడేది అక్కడున్న ఫోనుతో. ఆ షాపువాడూ మా ఆయనా పావుగంట మాట్లాడుకుని అది నా అనుమానమని తేల్చారు. పైగా వాడు నిమ్మకాయ వాసన వచ్చే బిళ్ల ఒకటి అద్దం దగ్గర ఊరికే కట్టి పంపాడు. ఇక పాప నిమ్మకాయా పెట్రోలూ కలిసిన వాసనకు కక్కుకోవడం మొదలుపెట్టింది. తలుచుకుంటే ఇప్పటికీ పళ్లు కొరుక్కుంటాను.

లెక్కల సారు చెబితే ఒక ఆదివారం కోరుట్ల వెళ్లాను. అలవాటు కొద్దీ మా ఆయనకు ఫోన్ కలిపి కాక చేతికి ఇవ్వబోయాను. కాక చేతులు తుడుచుకున్నాడు గానీ ఫోన్ అందుకోలేదు.

"ఆయన దుబాయిల ఉండి వాసన చూస్తడా బిడ్డా? బండ్ల కూసునేది నువ్వు. నువ్వే చెప్పు."

నేను ఫోన్ కట్ చేశాను. వాసన పొద్దున వస్తుందా, మధ్యాహ్నమా? నడుస్తుంటేనా, ఆపి ఉంచితేనా? ట్యాంకు నింపినప్పుడు ఎక్కువా? ముందు సీట్లోనా, వెనకనా? అరగంట అడిగాడు, అరగంట విన్నాడు. అప్పటిదాకా కారు మీద చెయ్యి వెయ్యలేదు. మధ్యలో ఆ నిమ్మకాయ బిళ్లను పట్టుకుని, "వాసన లేకుంటె వాడు గిది ఎందుకు కట్టిండు?" అన్నాడు. ఆ ఒక్క మాటకు నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. అంటే వాడికీ తెలుసన్నమాట.

వచ్చే ఆదివారం ట్యాంకు నిండా పోయించుకుని మిట్టమధ్యాహ్నం రమ్మన్నాడు. కారును గంటసేపు ఎండలో నిలబెట్టించాడు. తర్వాత నన్ను వెనక సీట్లో కూర్చోబెట్టి వాసన ఎటునుంచో చూపమన్నాడు. నేను చూపినవైపు సీటు లేపాడు, కింద రేకు మూత తీశాడు. అక్కడి రబ్బరు పైపులకు సబ్బు నురగ రాసి, చిన్న పంపుతో మెల్లగా గాలి పంపాడు. ఒక పైపు వెనకవైపు, కంటికి ఆనని చోట, బుడగలు లేచాయి.

"పెట్రోలు కారుతలేదు బిడ్డా, ఆవిరైతుంది. నేల చూస్తె ఏం కనవడ్తది?"

ఎండకు ట్యాంకులో లేచే ఆవిరి ఆ పైపు గుండా ఒక బొగ్గు డబ్బాలోకి వెళ్లి, అక్కడినుంచి ఇంజన్లోకి పోయి మండిపోవాలట. పైపు పగిలింది కాబట్టి ఆ ఆవిరి మా పాప ముక్కులోకి పోయింది. జానెడు పైపు, రెండు క్లిప్పులు మార్చాడు. మళ్లీ ఎండలో నిలబెట్టి, మళ్లీ నన్నే వాసన చూడమని, లేదన్నాకే తాళం ఇచ్చాడు. పాపకు వాంతులు ఆగిపోయాయి. మా అత్తమ్మ మటుకు అదంతా తాయెత్తు మహిమే అంటుంది, అననీ.

కాక ముచ్చట్లు పెట్టి ఆలస్యం చేస్తాడని విసుక్కునేవాళ్లు చాలామంది. ఆయన నవ్వేవాడు. "బండికి నోరు లేదు, మనిషికి ఉన్నది. గది ఇననోడు పానా పట్టుడెందుకు?" అనేవాడు.

పదకొండో రోజున వాళ్లింటికి వెళ్లాను. కాక భార్యను నేను చిన్నమ్మా అంటాను. అసలు సంగతి ఆమె చెప్పింది. చలికాలం నుంచీ కాకకు పడుకుంటే ఊపిరి ఆడేది కాదట. ఒక ఆసుపత్రికి మూడుసార్లు పోయారు. మూడుసార్లూ గ్యాస్ మాత్రలే.

"మూడోసారి నేనే చెప్పవోయిన బిడ్డా. ఆ డాక్టరు మొకం లేపి సూడలే. బీడీ తాగుతవా అని అడిగి, జవాబు సుత ఇనకుంట తాగుతడనే రాసిండు."

బీడీ మాట ఎక్కడ పుట్టిందో అప్పుడు తెలిసింది. మీరే చెప్పండి, ఒక పాత కారు బాధను అరగంట విన్న మనిషికి ఈ లోకంలో ఐదు నిమిషాలు దొరకలేదా? నేనేం తక్కువ తినలేదు. పోయిన నెల సర్వీసింగుకు వెళ్లినప్పుడు కాక రెండు మాటలకోసారి ఆగి ఊపిరి పీల్చుకుంటున్నాడు. నేను చూశాను. చూసి, కారు ఎన్ని గంటలకు ఇస్తావని అడిగాను.

మేం మాట్లాడుతుండగానే స్కూటీ మీద ఒకావిడ వచ్చి వాకిట్లో ఆగింది. ఆమెకు కబురు తెలియదు. మనుషులను, దండ వేసిన ఫోటోను చూసి హెల్మెట్ తీయడం కూడా మరిచి నిలబడిపోయింది. ఆ తర్వాత, చెప్పాలని వచ్చిన మాటే నోటికొచ్చి, తన కూతురు చిట్టి వెనక ఎక్కినప్పుడల్లా బండి ఆగిపోతోందని మెల్లగా మొదలుపెట్టి, సగంలో సిగ్గుపడి ఆగింది. చిన్నమ్మ అరుగు మీద కాస్త జరిగి ఆమెకు చోటిచ్చింది. ఆమె కూర్చుని అంతా చెప్పుకుంది. ఇంజన్ల సంగతి ఏమీ తెలియని చిన్నమ్మ, ఆమె ముఖంలోకి చూస్తూ, చివరిదాకా వింది.