అంతకంటే చిన్న మాట

డెబ్బై తొమ్మిది అక్టోబరులో, ఒక మధ్యాహ్నం రెండున్నరకు సరిహద్దు పోస్టుకు చేరాను. పదకొండు వేల అడుగుల ఎత్తు. ఇసుక బస్తాలు పేర్చిన బంకర్లు నాలుగు, కిరోసిన్ స్టవ్వు ఒకటి. ఎదురు కొండ మీద అవతలి దేశం పోస్టు. రెండు స్వెట్టర్ల మీద కోటు వేసుకున్నా పళ్లు టకటకలాడేవి.

నేను ఫౌజులో కంపెనీ క్లర్కును. జహీరాబాద్ హైస్కూల్లో ఇంగ్లీషులో ఎప్పుడూ నాదే ఫస్టు. సంచిలో చిన్న డిక్షనరీ ఉండేది. రైఫిల్ కన్నా దాన్నే ఎక్కువ తుడిచేవాణ్ణి. అంత పొగరు నాకు.

ఫోను తీగలు చూసే లైన్‌మన్‌ది రాయికోడ్ పక్క పల్లె. తెగిన తీగ అతికించిన ప్రతిసారీ, లైను పలుకుతుందో లేదో చూడటానికి అక్కణ్ణుంచే తీగకు తన ఫోను తగిలించి నాకు చేసేవాడు.

"అన్నా, రొట్టెలు అయినయా?"

"అయినయ్. పచ్చిపులుసు గూడ అయింది. జల్ది రా."

అక్కడ జొన్నపిండీ లేదు, చింతపండూ లేదు.

జనవరిలో రెండు రోజులు ఏకధాటిగా కాల్పులు జరిగాయి. రెండో రోజు పొద్దున ఐదు నలభైకి మా లైను తెగింది. పదకొండింటికి కాల్పులు కాస్త సద్దుమణిగాయి. మేజర్ సాబ్ లైన్‌మన్‌ను పంపాడు. అతను తీగ చుట్టిన డ్రమ్ము పట్టుకుని మంచులో వంగి వంగి వెళ్లాడు. పదకొండు ఇరవై ఐదుకు ఫోను మోగింది.

"అన్నా, రొట్టెలు అయినయా?"

నేను జవాబు చెప్పేలోపే ఎదురు కొండ నుంచి మెషిన్‌గన్ పేలింది. బంకరు కంతలోంచి చూశాను. అతను పక్కకు ఒరిగిపోయాడు. లైను మాత్రం బాగానే పలుకుతోంది.

సాయంత్రం పైకి రిపోర్టు పంపాలి. నేను 'స్కర్మిష్' అని టైపు చేశాను. చిన్నపాటి పోరు అని అర్థం. మేజర్ సాబ్ తల అడ్డంగా ఊపాడు. ఢిల్లీలో చర్చలు నడుస్తున్నాయి, పెద్ద మాటలు వద్దన్నాడు.

"ఇంతకన్నా చిన్న మాట లేదా?"

"క్లాష్, సార్."

"ఇంకా చిన్నది?"

నేను డిక్షనరీ తెరవను కూడా లేదు. "ఇన్సిడెంట్, సార్."

"శాబాష్," అని భుజం తట్టాడు.

ఇన్సిడెంట్ అంటే ఏదో జరిగిందని, అంతే. మా బొంబాయి రోడ్డు మీద లారీ బోల్తా పడినా ఇన్సిడెంటే. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసీ ఇచ్చాను. ఆ శాబాష్‌కు ఆ రాత్రి సిగ్గు లేకుండా సంతోషపడ్డాను కూడా. అతను పోయాడని ఇంటికి వెళ్లిన కాగితంలోనూ ఆ మాటే దిగింది.

ఎనభై ఒకటిలో పెన్షన్ పుచ్చుకుని ఇంటికి వచ్చాను. వారం తిరక్కుండానే, కొడుకు ఉత్తరాల వల్ల నా సంగతి తెలిసిన లైన్‌మన్ తల్లి కబురు పంపింది. వాళ్ల ఊరి బడి ముందు ఒక రాయి ఉంది. డెబ్బై ఒకటి యుద్ధంలో పోయిన ఒకాయన పేరు దాని మీద చెక్కారు. దాని కింద కొడుకు పేరు ఉండాలని ఆమె ఏడాదిగా తిరుగుతోంది. నేను వెళ్లేసరికి సర్పంచ్ ఆ కాగితం పట్టుకుని బడి ముందే ఉన్నాడు.

"యుద్ధంల పోయినోల్లకే రాయి, సాబ్. గీ కాయితంల యుద్ధమని యాడుంది?"

"అది యుద్ధమే. నేను ఆడనే ఉన్న."

"మరి గట్ల రాయలేదేంది? రాసినోనికి తెల్వదా?"

నోరు మూసుకుని ఉండొచ్చు. ఆమెకు ఇంగ్లీషు రాదు, రాసింది ఎవరో అక్కడ ఎవరికీ తెలియదు. ఆమె మాత్రం నా మొహంలోకే చూస్తోంది.

"రాసింది నేనే, పెద్దమ్మా. చిన్న మాట కావాలన్నరు. నేనే తీసిచ్చిన."

ఆమె తిట్టలేదు. తిడితే బాగుండేది. సర్పంచ్ చేతిలోంచి కాగితాన్ని తీసుకుని మడత మీద మడత పెట్టి కొంగున ముడేసుకుంది.

"గంత సదువుకున్నవు గద బిడ్డా. నా కొడుక్కు పెద్ద మాట ఒక్కటి దొర్కలేదా?"

ఆ రాయి మీద ఇప్పటికీ ఒక్క పేరే ఉంది. అటు వెళ్లే బస్సు నేను ఎక్కను.

ఆ రోజు కంతలోంచి చూసింది ఒకటి నేను రిపోర్టులో రాయలేదు. అతను ఒరిగిపోయాక చేతిలోంచి డ్రమ్ము జారింది. వాలు వెంబడి దొర్లుతూ పోయింది. దాని వెనకే తెల్లటి మంచు మీద నల్లటి తీగ విప్పుకుంటూ, విప్పుకుంటూ పోయింది. నా చెవికి ఫోను అలాగే ఉంది.