ఒకే దస్తూరీ

నా అక్షరాలు ముత్యాల్లా ఉంటాయని అందరూ అనేవారు. ఆ పేరే నా కొంప ముంచింది.

అనకాపల్లిలో మా వికలాంగుల సంఘం ఆదివారం ప్రార్థన అయ్యాక చర్చి వరండాలో కూర్చునేది. అర్జీలు అప్ప చెప్పేది, నేను రాసేదాన్ని. అప్ప అంటే మా వైపు అక్క, కానీ నా తోడబుట్టినది కాదు. చీడికాడ నుంచి వచ్చి టౌన్లో ఉండిపోయిన మనిషి, పోలియోతో రెండు కాళ్ళూ చచ్చుబడ్డాయి. మూడు చక్రాల బండి మీద ప్రతి ఆఫీసుకీ వెళ్ళి, మెట్ల పక్కన ర్యాంపు కట్టమని కొట్లాడేది. నాకు పోయింది ఒక కాలే. కాలికి ఇనప పట్టీల కాలిపర్ వేసుకుని, గోడ పట్టుకుని ఎలాగో మెట్లెక్కగలను.

ఒక ఆఫీసులో మా కోటాలో గుమాస్తా పోస్టు పడింది. ఒక్కటే. ఇద్దరం దరఖాస్తు పెట్టాం. ఇంటర్వ్యూ రెండో అంతస్తులో.

"ఇద్దరం పట్టుకుని ఎత్తేత్తాం, ఏటవుద్దమ్మా?" అన్నారు కింద ఉన్న అటెండర్లు.

"నానేటి బెల్లం దిమ్మనా, ఎత్తడానికి?" అని అప్ప కస్సుమంది. నా వైపు తిరిగి, "నువ్వు పైకెల్లి నానొచ్చేనని సెప్పవే. కిందికొచ్చి అడగమను" అంది.

వెళ్ళాను. ముందు నన్నే పిలిచారు. నా తర్వాత అప్ప పేరు రెండుసార్లు పిలిచారు. నేను తలుపు దగ్గరే ఉన్నాను, నోరు విప్పలేదు. కంగారులో మరిచిపోయానని చాలా ఏళ్ళు నాకు నేనే చెప్పుకున్నాను. ఛీ, మరిచిపోవడమేమిటి! పోస్టు ఒక్కటేనన్నది మాత్రం నాకు బాగా గుర్తుంది. కిందికొచ్చి, "సెప్పేనప్పా, ఆళ్ళు ఇనలేదు" అన్నాను. అప్ప నమ్మింది.

ఉద్యోగం నాకొచ్చింది. మెట్ల వల్ల ఒక మనిషి ఇంటర్వ్యూకే పోలేకపోయింది, ఇకనైనా ర్యాంపు కట్టండని అప్ప ఆ ఆఫీసుకే అర్జీ చెప్పింది. ఎప్పటిలాగే నేనే రాశాను. ఆ కాగితం తిరిగి తిరిగి నా బల్ల మీదికే వచ్చింది.

"ఆవిడ ఆ రోజు గైర్హాజరు. రాని మనిషికి మెట్లు అడ్డమేటి? అలా రాసి పంపెయ్యి" అన్నాడు సూపరింటెండెంటు. రాశాను, ఆ ముత్యాల్లాంటి అక్షరాలతోనే.

తర్వాతి ఆదివారం అప్ప అర్జీ నకలునీ ఆఫీసు జవాబునీ ఒళ్ళో పక్కపక్కన పెట్టుకుని, రెండిటి మీదా అక్షరాల వెంట వేలు పోనిచ్చింది.

"సెప్పేనన్నావు కదే" అంది.

ఆమె బండి తిప్పుకుని వెళ్ళిపోయింది.

ఆ తర్వాత అర్జీలు తనే రాసింది. బండి హ్యాండిల్ తిప్పి తిప్పి కాయలు కాసిన చేతులతో రాస్తే అక్షరాలు వంకర పోయేవి. ఒక్కొక్కటీ నా బల్ల మీదికే వచ్చేది. అన్నిటికీ అదే జవాబు నేనే రాశాను.