చెప్పులు విప్పి నాటిన మొక్కలు

1962 జూలై, మొదటి శనివారం. విడవలూరుకు తూర్పున సముద్రపు ఒడ్డు పాళెం. వనమహోత్సవం. హాజరైనవారు: సమితి అధ్యక్షులు గారు, బ్లాకు అధికారి గారు, కరణం గారు, బడి పెద్దయ్యవారు, పాళెం పెద్దకాపు, ఆయన భార్య, గ్రామసేవకుడి ఉద్యోగంలో ఉన్న నేను, కుర్చీలు తెచ్చిన బంట్రోతు.

ఆనాటి డైరీలో హోదా ప్రకారం రాసుకున్న వరస ఇది. వచ్చిన వరస దీనికి సరిగ్గా తలకిందులు. అందరికన్నా ముందు బంట్రోతు వచ్చి కుర్చీలు వేశాడు. కుర్చీ ఉందని తెలిశాక పెద్దయ్యవారు వచ్చారు. పందిరి నీడ పడ్డాక కరణం గారు వచ్చారు. ఇంతమంది లేచి నిలబడడానికి సిద్ధమయ్యాక గానీ అధ్యక్షులు గారి జీపు రాలేదు.

పాళేనికీ సముద్రానికీ మధ్యనున్న ఇసుక దిబ్బ మీద కూడా చెట్లూ చేమలూ ఇదే వరసలో వచ్చాయి. సముద్రం వైపు ఊదాపూల తీగ ఒకటి ముందు పాకింది. పాళెంలో దాన్ని ఇసుకతీగ అనేవాళ్లు. అది పట్టి ఉంచిన ఇసుకలో రావణాసురుడి మీసాలనే ముళ్లగడ్డి లేచింది. ఆ గడ్డి చాటున మొగలి పొదలు, వాటి వెనక, దిబ్బకు పాళెం వైపు, తాడిచెట్లు. తాటి నీడన చెలమ. ఇసుకలో చేత్తో తోడుకునే ఆ గుంటలోనే పాళెం మొత్తానికి తాగే నీళ్లు. ఇంకెక్కడ తవ్వినా ఉప్పే.

చెలమ నీళ్లకు పొద్దస్తమానం కూర్చోవాలి కాబట్టి సిమెంటు ఉరల బావి కావాలని పెద్దకాపు సమితి చుట్టూ తిరుగుతున్నాడు. పచ్చదనం మీద శ్రద్ధ చూపిన ఊరికే మొదటి బావి అని అధ్యక్షులు గారు సెలవిచ్చారు. అందుకని దిబ్బ మీద మామిడి, సపోటా మొక్కలు నాటడం నిశ్చయమైంది. ఉప్పుగాలిలో మామిడి ఎందుకని ఎవరూ అడగలేదు. బ్లాకు నర్సరీలో మిగిలినవి అవే.

చిక్కల్లా చెప్పుల దగ్గర వచ్చింది. మొక్కకు పసుపూ కుంకుమా పెట్టి, కొబ్బరికాయ కొట్టి నాటాలి. పూజకు చెప్పులు విప్పాలి. విప్పితే రావణాసురుడి మీసాలు అధ్యక్షులు గారి పాదాల్లో దిగుతాయి. గడ్డి తీయించమని పైనుంచి మాట వచ్చింది. గడ్డితో పాటు తీగ కూడా పోవాలన్నారు పెద్దయ్యవారు. కొత్త మొక్కల ఆహారాన్ని పిచ్చిమొక్కలు దోచుకుంటాయని ఆయన ఐదో తరగతికి ఏటా చెప్పే పాఠం.

పెద్దకాపుకు ఆ తీగ సంగతి తెలియక కాదు. ముందు వారం పాళెం అంతా చేరి పీకుతుంటే అతని భార్య తట్ట కింద పెట్టేసింది.

"ఏందయ్యా, చెలమ మీద కప్పు పీకతా ఉండావే?"

"బావి వస్తాదిలే."

"వచ్చినాక పీకు."

అతను పీకుతూనే ఉన్నాడు. బావి వచ్చాక పీకితే శ్రద్ధ ఎవరికి కనపడుతుంది? సాయంత్రానికి దిబ్బ గుండు కొట్టించుకున్నట్టు తయారైంది. పీకిన తీగా గడ్డీ మొగలి పొదల పక్కన కుప్ప పడ్డాయి. అదృష్టం బాగుండి ఆ వారం రెండు చినుకులు పడి ఇసుక అణిగి ఉంది. ఎంత చదునుగా ఉందో అని బ్లాకు అధికారి గారు ముచ్చటపడ్డారు.

శనివారం ఉత్సవం నిర్విఘ్నంగా జరిగింది. పాదాలకు ఏమీ గుచ్చుకోలేదు. ప్రకృతిలో ప్రతి ప్రాణికీ తన స్థానం ఉందని అధ్యక్షులు గారు ఉపన్యసించారు. ఆ స్థానంలోంచి పీకినవాటి కుప్ప ఆయన వెనకే ఉంది. బావి మాట పెద్దకాపు ఎత్తబోతే, మొక్కలు నాలుగాకులు వేయనీ, చూద్దాం అన్నారు. పొద్దు వాలేసరికి జీపు వెళ్లిపోయింది, సముద్రపు గాలి లేచింది. నేను బడి వరండాలో పడుకున్నాను.

మర్నాడు ఉదయం దిబ్బ ఉన్నచోట లేదు. కొంత పాళెంలోకి నడిచి వచ్చింది. మామిడి మొక్కల్లో కొన్నింటికి చివరి ఆకు కనపడుతోంది, సపోటాలు అసలు లేవు. చెలమ ఉండాల్సిన చోట నున్నటి ఇసుక. ఆడవాళ్లు బిందెలు పక్కన పెట్టి చేతులతో తోడుతున్నారు. ఎవరూ ఎవరినీ తిట్టడం లేదు, అంత ఓపిక లేదు.

పెద్దకాపు, అతని భార్య మాత్రం దిబ్బ మీద ఉన్నారు. కుప్పలోంచి వాడిన తీగలు లాగి, కణుపు కణుపునా ఇసుక కప్పుతున్నారు. అవి ఎగిరిపోకుండా మామిడి మొక్కల చుట్టూ కట్టిన కంచె కంపలు తెచ్చి అడ్డం పెట్టారు. నేను దగ్గరికి వెళ్లాను.

"ఈ వరస ఆఫీసులో చెప్తావా అబ్బయా?" అన్నాడు పెద్దకాపు.

"చెప్పనీలే," అంది ఆమె, తల ఎత్తకుండా. "మళ్లా కొబ్బరికాయ ఎత్తుకోని వస్తే, ఈసారి చెప్పులేసుకోని రమ్మను."

నేను కంప ఒకటి అందించాను. దిగువ నుంచి ఎవరో నీళ్లు తగిలాయని కేక వేశారు. ఆమె బిందె తీసుకుని దిగింది. రుచి చూసి, ఉప్పు కాదని చేయి ఊపింది. పెద్దకాపు ఇంకో తీగ అందుకున్నాడు.