ఎలుకకు నల్ల నెయిల్ పాలిష్

2023లో మొయినాబాద్ దగ్గర ఒక రీసెర్చ్ ల్యాబ్‌లో, తిరుగుతున్న ఎలుకల మెదడు పనితీరును వెలుగుతో నమోదు చేసే పనిలో ఉన్నాను. పద్ధతి పేరు ఫైబర్ ఫొటోమెట్రీ. మెదడు కణాలు చురుకైనప్పుడు మెరిసే ప్రోటీన్‌ను ముందే ఎక్కిస్తాం. సన్నని గాజు తీగ గుండా నీలి లైట్ లోపలికి వెళ్తుంది, ఆ మెరుపు అదే తీగలో వెనక్కి వస్తుంది. తీగ తగిలించుకున్న ఎలుక హాయిగా తన పని చూసుకుంటుంది. కట్టిపడేసి, నీ మనసులో ఏముందని అడగడం నాకు నచ్చదు.

మా పీహెచ్‌డీ విద్యార్థిని స్వప్నది శంకర్‌పల్లి. పెట్టెలో పల్లీ దొరికే మూలకు వెళ్లినప్పుడు ఎలుక మెదడులో ఏమవుతుందన్నది ఆమె ప్రశ్న. ఎన్నాళ్లు చూసినా గ్రాఫ్‌లో కదలిక లేదు. సోమవారం, ప్రాజెక్టులను సమీక్షించే కమిటీకి ఏదో ఒక ఫలితం చూపకపోతే ప్రాజెక్టు మూతపడుతుంది. అలాంటిది శుక్రవారం స్వప్న పరుగున వచ్చింది.

"మేడమ్, జర వచ్చి చూడుండ్రి. మూలకు పోంగనే సిగ్నల్ ఎట్ల లేస్తున్నదో."

నిజమే, కొండలా లేచింది. అంత అందమైన గ్రాఫ్ చూస్తే నాకు అనుమానం, అది నా పుట్టుబుద్ధి.

"నీలి లైట్ ఆపి మళ్లీ చూడమ్మా."

"లైట్ బంద్ చేస్తే ఏం కనవడ్తది మేడమ్?"

"ఏమీ కనబడకూడదు. అదే చూద్దాం."

ఆపింది. ఎలుక మూలకు వెళ్లింది. గ్రాఫ్ మళ్లీ కొండలా లేచింది. సరిగ్గా ఆ మూల పైనే, కెమెరా కోసం ముందురోజే కొత్తగా పెట్టిన దీపం ఉంది. ఎలుక తల మీద తీగను పట్టి ఉంచేది పళ్ల డాక్టర్లు వాడే డెంటల్ సిమెంట్, అది తెల్లనిది. దీపం వెలుగు దాని గుండా తీగలోకి దూరుతోంది. మేం రికార్డు చేసింది మెదడును కాదు, దీపాన్ని. స్వప్న కుర్చీలో కూలబడింది. ఆ ముఖం చూసి నాకూ బాధేసింది.

"గిప్పుడు సోమవారం ఏం చూపియ్యాలె మేడమ్?"

"ముందు బజారుకు పద."

గాజుల దుకాణంలో నల్ల నెయిల్ పాలిష్ అడిగాం.

"నలుపెందుకు బిడ్డా, ఎర్రది తీస్కో, మంచిగుంటది" అంది దుకాణం ఆమె.

"నాకు కాదక్కా, ఎలుకకు" అని స్వప్న ఉన్నదున్నట్టు చెప్పేసింది. ఆమె ఇంకేమీ అడగకుండా సీసా ఇచ్చేసింది.

బయటి వెలుగు దూరకుండా సిమెంట్ మీద పూత వేసి, బాగా ఆరనిచ్చి, నీలి లైట్ ఆపి చూశాం. గీత కదల్లేదు. లైట్ వేశాం. ఎలుక మూలకు వెళ్లింది, అప్పుడూ కదల్లేదు. పల్లీ నోట పెట్టగానే చిన్న గుట్ట లేచింది. పల్లీ నోట పెట్టిన ప్రతిసారీ లేచింది. ఇన్నాళ్లూ బయటి వెలుగు దూరి దాన్ని కప్పేసిందన్నమాట. కొండ పోతే పోయింది, ఈ గుట్ట మాత్రం ఎలుకదే. స్వప్న సంతోషంతో నా చెయ్యి పట్టుకుని వదల్లేదు. సోమవారం ఆ గుట్టను చూసి కమిటీ ప్రాజెక్టును కొనసాగనిచ్చింది.

మనసుకు నచ్చిన ఫలితాన్నే ముందుగా అనుమానించాలని ఆ ఎలుక నేర్పింది. పాఠం నాకంటే స్వప్నకే బాగా పట్టింది. మొన్న నా కొత్త గ్రాఫ్ పట్టుకుని సంబరంగా ఆమె దగ్గరికి వెళ్లాను. తల కూడా ఎత్తలేదు.

"మంచిగున్నది మేడమ్. లైట్ బంద్ చేసి చూసిన్రా?"

చూడలేదు. లైట్ ఆపి చూడటానికి వెనక్కి వెళ్లాను, నవ్వుకుంటూ.