మార్తమ్మ టీచరు దిద్దించిన సాక్ష్యం

మొన్న మధ్యాహ్నం ఒంగోల్లో నేను పనిచేసే ల్యాబుకు ఒక రైతు రక్తపరీక్ష కోసం వచ్చాడు. పత్తి చేలోంచి నేరుగా వచ్చినట్టున్నాడు. చొక్కా చెయ్యి పైకి మడవగానే పురుగుమందు వాసన గుప్పుమంది. ఇరవై ఏళ్ళకు పైగా స్పిరిట్, ఫినాయిలు వాసనల మధ్య బతుకుతున్నదాన్ని, వాటికి నా ముక్కు ఎప్పుడో మొద్దుబారింది. ఈ వాసన మాత్రం ఇప్పటికీ తెలుస్తుంది. సూది పట్టుకున్న చెయ్యి ఆగిపోయింది. "ఏందమ్మా, నరం దొరకట్లా?" అన్నాడాయన. "దొరికిందండీ" అని పని కానిచ్చాను గానీ, సాయంత్రం దాకా మార్తమ్మ టీచరుగారు నా పక్కనే కూర్చున్నట్టుంది. ఆమె పక్కన కూర్చుంటే ధైర్యంగా ఉంటుందని చాలామంది అనేవాళ్ళు. నాకెప్పుడూ అలా లేదు. లెక్క తప్పు చేసిన పలకను ఒళ్ళో దాచుకున్నట్టు గుబులుగానే ఉండేది.

పర్చూరు వైపు నల్లరేగడి పొలాల మధ్య మా పల్లె. అందరూ కూలికి పోయేవాళ్ళే. మిషను వాళ్ళు ఏనాడో కట్టిన ఒంటిగది బడిలో ఐదు తరగతులకూ ఆమె ఒక్కరే టీచరు. ఆదివారం అదే గదిలో సండేస్కూలు నడిపేదీ ఆమే. సన్నంచు నూలు చీర, ఎప్పుడూ ముక్కు మీదికి జారే కళ్ళజోడు, పిడికెడు మనిషి. మేం ఏం చెప్పినా ఆమె నోట వచ్చేది ఒకటే ప్రశ్న: "చూశావా, విన్నావా?" పక్క ఊళ్ళో వాన పడిందన్నా అంతే, ఫలానా వాళ్ళ గేదె ఈనిందన్నా అంతే. చూస్తే చూశానండీ అనాలి, వింటే విన్నానండీ అనాలి. రెండూ కాకపోతే "అనుకున్నానండీ" అని ఒప్పుకుని కూర్చోవాలి. లెక్కల పీరియడులోనూ అదే పద్ధతి, బైబిలు కథ చెప్పేటప్పుడూ అదే పద్ధతి. దేవుడి మాటకొకటి, లోకం మాటకొకటి అని ఆమె దగ్గర రెండు తరాజులు ఉండేవి కావు.

నాకు పదేళ్ళప్పుడు మా నాన్న కూలికి పత్తికి మందు కొడుతూ సాళ్ళ మధ్యే పడిపోయాడు. నోట్లోంచి నురగ, ఒళ్ళంతా చెమట. ట్రాక్టరు మీద వేసుకుని పట్నం ఆసుపత్రికి తీసుకుపోయారు. అమ్మతోపాటు నేనూ ఎక్కాను. అక్కడ మీసాలు కూడా సరిగా రాని ఒక కుర్ర డాక్టరు నాన్న మంచం వదల్లేదు. సూది వేయడం, కళ్ళల్లోకి టార్చి కొట్టి చూడడం, నాడి పట్టుకుని కూర్చోవడం, మళ్ళీ సూది. అమ్మ నేల మీద మోకాళ్ళూని ప్రార్థన చేస్తూనే ఉంది. పల్లెలో మా చర్చి సంఘం అంతా ఉపవాసం ఉంది. మూడో రోజు పొద్దున నాన్న కళ్ళు తెరిచి మంచినీళ్ళడిగాడు.

మా సంఘంలో ఆరాధన మధ్యలో సాక్ష్యాల సమయం ఉంటుంది. దేవుడు తమకు చేసిన మేలును ఎవరైనా లేచి అందరి ముందూ చెప్పాలి. మా అమ్మకు నలుగురిలో నోరు పెగలదు. అందుకని నన్ను చెప్పమన్నారు. సంఘపెద్ద ఏసోబు తాత నన్ను పక్కకు పిలిచి నేర్పాడు. "డాక్టర్లు చేతులెత్తేశారు అని చెప్పాలమ్మాయ్. ఆ మాట లేకపోతే సాక్ష్యానికి బలముండదు." నిజమే, నేను విన్న ప్రతి సాక్ష్యంలోనూ డాక్టర్లు చేతులెత్తేసేవాళ్ళు. ఆదివారం లేచి గడగడా చెప్పేశాను. డాక్టర్లు చేతులెత్తేశారు అనగానే చర్చంతా స్తోత్రం అంటూ ఒక్కసారి హోరెత్తింది. అమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. అంత గొప్పగా నాకు అంతకుముందెప్పుడూ అనిపించలేదు.

బయట చెప్పులు వెతుక్కుంటుంటే టీచరుగారు నా జబ్బ పట్టుకుని ఆపారు.

"చేతులెత్తేసిన డాక్టరు ఎవరే రూతూ?"

"అందరూ అట్టాగే చెబుతారండీ."

"అందర్నీ అడగలా. నిన్నడిగా. చూశావా, విన్నావా?"

నేను చెప్పుల కోసం వంగబోయాను. ఆమె వదల్లేదు. "ఆ డాక్టరబ్బాయి చేతులు ఎక్కడున్నయ్యే?"

"నాన్న మణికట్టు మీదండీ."

"మరి వాటిని పైకెత్తించింది ఎవరు?"

నాకు ఏడుపొచ్చేసింది. దేవుడికి మహిమ వస్తుందని చెప్పానండీ అన్నాను. ఆమె తన పైటకొంగుతో నా ముక్కు తుడిచారు గానీ గొంతు మాత్రం మెత్తబడలేదు. "ఆయన సత్యం అని పాటలు పాడతాం. ఆయనకి మన అబద్ధం సాయం కావాలటే? ఆ చేతుల్ని మీ నాన్న దగ్గర పెట్టింది ఆయనేనేమో. వాటిని లేకుండా చేసి నువ్వు పొగిడింది ఎవర్నే? వచ్చే ఆదివారం నువ్వే లేచి దిద్దుకో."

ఆ వారం రోజులు నేను పడ్డ బాధ ఇంకెప్పుడూ పడలేదనుకునేదాన్ని చాలాకాలం. జ్వరం వస్తే బావుండునని నుదురు పట్టుకుని చూసుకునేదాన్ని. ఆదివారం లేచి నిలబడ్డాను. "పోయిన వారం నేను ఒక అబద్ధం చెప్పాను. డాక్టరుగారు చేతులెత్తలేదు. మూడు రోజులు నాన్న దగ్గరే ఉన్నారు. మేము ప్రార్థన కూడా చేశాము. నాన్న బతికాడు" అని కూర్చున్నాను. ఎవరూ స్తోత్రం అనలేదు. వెనకెవరో కిసుక్కున నవ్వారు. ఏసోబు తాత ఆ తర్వాత చాలాకాలం మా ఇంటివైపు రాలేదు. టీచరుగారు మెచ్చుకుంటారేమోనని చూశాను. ఆమె పాటల పుస్తకంలో తర్వాతి పాట వెతుకుతున్నారు.

ఆమెకు ఒక్కడే కొడుకు, ప్రభాకరన్నయ్య. నాకంటే ఐదేళ్ళు పెద్ద. కాలేజీలో చేరాక చర్చికి రావడం మానేశాడు. చీరాలలో లెక్చరరయ్యాడు, తల్లిని అక్కడికే తెచ్చుకుని కళ్ళల్లో పెట్టుకుని చూసుకునేవాడు. నేను ఈ ల్యాబులో చేరిన కొత్తల్లో వాళ్ళిద్దరూ షుగరు పరీక్షకని వచ్చారు. ఆమె రక్తపు చుక్కనే గాజుపలక మీద పరిచి మైక్రోస్కోపులో చూపించాను. ఆమె కళ్ళజోడు తీసి వంగి చాలాసేపు చూశారు. "ఇయన్నీ నాలోవేనటే? ఇన్నేళ్ళూ వీటి మొహమే చూళ్ళేదే."

"అదీ అమ్మా నిజమంటే" అన్నాడు అన్నయ్య. "కనిపిస్తుంది, కొలతకొస్తుంది. మీ చర్చిలో చెప్పేది ఊరట. ఊరట మంచిదే, కాదన్ను. నిజం మాత్రం అనకు."

ఆమె తలెత్తకుండానే అన్నారు: "ఇది నిజమేరా, నేను కాదన్నానా? కనపడిందొక్కటే నిజమన్నావు చూడు, ఆ మాట ఇందులో ఏ మూల ఉందో చూపించు. ఇందాకట్నుంచీ వెతుకుతున్నా, కనపడి చావట్లా." అన్నయ్య పకపకా నవ్వాడు. నేనూ నవ్వాను. కానీ వాళ్ళు వెళ్ళాక ఊరట అన్న ఆ మాట ముల్లులా గుచ్చుకుని ఉండిపోయింది. అన్నయ్య చెప్పిందే నిజమైతే? ప్రార్థనలో కళ్ళు మూసుకున్నప్పుడల్లా ఆ అనుమానం వచ్చి ఎదురుగా కూర్చునేది. ఆమెకు చెప్పుకుంటే, "అనుమానం వచ్చిందని ఆయనతోనే చెప్పుకో. రాలేదని మాత్రం నటించకు" అన్నారు.

రెండేళ్ళ కిందట ఆమెకు అన్నం సయించడం మానేసింది. కడుపులోంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపారు. ఆ రిపోర్టు మా ల్యాబుకే వచ్చింది. క్యాన్సరు. అప్పటికే కాలేయానికి పాకిందని స్కానింగులో తేలింది. ఆపరేషనుకు వీల్లేదని డాక్టరు ప్రభాకరన్నయ్యతో చెప్పేశాడు. అన్నయ్య కాగితం మడిచి జేబులో పెట్టుకుని నా ఎదురుగా కూలబడ్డాడు. "అమ్మకి చెప్పొద్దు రూతూ. చెప్పి ఏం బావుకుంటాం? ఉన్నన్నాళ్ళూ నిమ్మళంగా ఉండనీ. ఇప్పుడు ఆమెకి పనికొచ్చే నిజం అదొక్కటే." కొలతకొచ్చిందే నిజమన్న మనిషి ఆ కొలతనే జేబులో దాచుకున్నాడు. ఆ మాట అనబోయి అతని మొహం చూసి ఊరుకున్నాను. ఆ సాయంత్రమే చీరాల నుంచి ఆమె చర్చి పాస్టరుగారు ఫోన్ చేశారు. కొత్తగా వచ్చిన కుర్రాయన, ఆమె అంటే ప్రాణం; ఆసుపత్రిలో ఎవరో సంగతి చెప్పారట. "సిస్టర్, ఆ జబ్బు పేరు మీ నోట రానీయకండి. మాటకి శక్తి ఉంటుంది. అమ్మకి స్వస్థత అయిపోయిందనే పలకాలి మనం" అన్నారు. అన్నయ్యకూ పాస్టరుగారికీ ఉప్పూ నిప్పూ. ఒకరు దేవుడు లేడంటారు, ఒకరు దేవుడి కోసమే అంటారు. ఇద్దరూ నన్ను ఒకే అబద్ధం ఆడమన్నారు.

కాసేపటికి టీచరుగారే ఫోన్ చేశారు. "ఏమొచ్చిందే?"

"అల్సరండీ."

"చూశావా, విన్నావా?"

రిపోర్టు నా ముందు కంప్యూటరులో తెరిచే ఉంది. "చూశానండీ" అన్నాను.

ఆరు వారాలు గడిచాయి. ఆమె నంబరు కనపడినా చాలాసార్లు ఫోను ఎత్తేదాన్ని కాదు. నొప్పి తెలియకుండా మాత్రలు ఇస్తున్నారు కాబట్టి ఆమెకు తేలిగ్గానే ఉంది. ఒక గురువారం హుషారుగా ఫోన్ చేశారు. "ఈ ఆదివారం నన్ను సాక్ష్యం చెప్పమంటున్నారే. అల్సరు తగ్గిందని చెబుతా. మందులు మింగానని కూడా చెబుతాలే, కంగారు పడకు" అని నవ్వారు. జన్మలో అబద్ధ సాక్ష్యం చెప్పని మనిషి, నా వల్ల, తనకు తెలియకుండా, దేవుడి ముందు నిలబడి అబద్ధం చెప్పబోతున్నారు. ఆమె శాంతిని పాడుచేసే హక్కు నాకుందా? ఉన్నది శాంతేనా? రెండు రోజులూ అదే తర్కం. ఎటూ తేలలేదు. శనివారం మధ్యాహ్నం బస్సెక్కి చీరాల వెళ్ళాను.

ఆమె వరండాలో చాప మీద ఎండుమిరపకాయల తొడిమలు తీస్తున్నారు. అన్నయ్య కుర్చీలో పేపరు చదువుతున్నాడు. నన్ను చూడగానే అతనికి అర్థమైంది. వద్దన్నట్టు తల అడ్డంగా ఊపాడు. నేను చాప మీద కూర్చుని, ఆమె మొహం చూసే ధైర్యం లేక మిరపకాయల వైపు చూస్తూ చెప్పేశాను. అల్సరు కాదండీ టీచరుగారూ, క్యాన్సరు. ఆ రోజే చూశాను. అబద్ధం చెప్పాను.

నేను ఊహించిన నిబ్బరమేదీ ఆమెలో కనపడలేదు. కారం చేతులని మర్చిపోయి మొహం రుద్దుకున్నారు. కళ్ళు మండి నీళ్ళు కారుతుంటే ఏది ఏడుపో తెలియలేదు. అన్నయ్య చెంబుతో నీళ్ళు తెచ్చి కళ్ళు కడిగాడు. "భయమేస్తోందిరా" అన్నారు కొడుకుతో. తర్వాత నా వైపు తిరిగారు. "ఆరు వారాల్నుంచీ అల్సరు తగ్గించమని ప్రార్థన చేస్తన్నానే. లేని జబ్బు కోసం. నేనెక్కడున్నానో అక్కణ్ణుంచి గదే ఆయన్ని పిలవాలి? నన్ను ఇంకెక్కడో కూర్చోబెట్టి పిలిపించారే మీరు. నన్నొక్కదాన్నే చేశారు." అంతకంటే తిట్టలేదు. తిడితే బావుండేది.

మర్నాడు నా భుజం పట్టుకుని ఆమె చర్చిలో ముందుకు నడిచారు. "నాకు స్వస్థత కలిగిందనుకున్నాం. కలగలేదు. క్యాన్సరంట, నిన్న తెలిసింది. నాకు భయంగా ఉంది. దేవుడున్నాడు, అదీ నాకు తెలుసు. రెండూ నిజమే. ప్రార్థన చెయ్యండి" అని కూర్చున్నారు. పాస్టరుగారు వేదిక దిగి వచ్చి ఆమె పక్కన నేల మీద కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చారు. అన్నయ్య గేటు బయటే నిలబడి మైకులో విన్నాడు.

తర్వాత ఆమె నాలుగు నెలలున్నారు. ఆ నాలుగు నెలలూ అన్నయ్య నాతో మాట్లాడలేదు. ఒక్కసారి మాత్రం అన్నాడు: "రోజూ భయపడుతోంది. నీ మనశ్శాంతి కోసం చెప్పావు నువ్వు." అందులో అబద్ధమెంతో నేనిప్పటికీ తేల్చుకోలేదు. ఆమె భయపడ్డ మాట నిజం. ఆ భయంతోనే, ఉన్న చోటు నుంచే, ఆమె ప్రార్థన చేశారన్నదీ నిజం. నన్ను క్షమించానని నోటితో చెప్పారు కూడా.

పోయేముందు వారం ఆమె మంచం పక్కన కూర్చున్నాను. గొంతు బాగా సన్నబడింది. "ఎన్నాళ్ళుంటానే?" అని అడిగారు.

"తెలియదండీ" అన్నాను. నిజంగానే తెలియదు. డాక్టరుకూ తెలియదు.

ఆమె నా మొహంలోకి చూశారు. కళ్ళు చూశారు, పెదవులు చూశారు, మళ్ళీ కళ్ళు చూశారు. నా మొహంలో అబద్ధం కోసం వెతుకుతున్నారని అర్థమైంది. ఆమె తల తిప్పి గుమ్మం దగ్గరున్న కొడుకును పిలిచారు.

"ఇది నిజమే చెబుతోందంట్రా?"

అన్నయ్య నా వైపు చూడలేదు. వచ్చి మంచం పట్టె మీద కూర్చుని ఆమె చెయ్యి పట్టుకున్నాడు. "నిజమేనమ్మా. దానికి తెలియదు." అప్పుడు గానీ ఆమె కళ్ళు మూసుకోలేదు.

క్షమించారు, కానీ నా నిజానికి ఆమె ఇంకొకరిని సాక్షిగా అడగాల్సి వచ్చింది. ఇప్పుడు కౌంటరు అవతల ఎవరైనా కాగితం చాపి, ఏముందమ్మా ఇందులో అని అడిగితే, టీచరుగారి ఆ చూపు నా మొహం మీద వెతుకుతూ తిరుగుతుంది. అది తిరగడం ఆగేదాకా ఉండి, అప్పుడు నోరు తెరుస్తాను.