వాషింగ్ మెషీన్ ఫ్రెంచి

నాకొచ్చిన ఫ్రెంచి అంతా వాషింగ్ మెషీన్ ఫ్రెంచి. ఈ ముచ్చట బడిల చేరేటప్పుడు నేను చెప్పలే. అట్లని అబద్ధం కూడా ఆడలే. దరఖాస్తుల "ఫ్రెంచి వాళ్లతోని ఎనిమిదేండ్ల అనుభవం" అని రాసిన, అది పచ్చి నిజం. మాదాపూర్ల ఒక ఆఫీసుల చెవులకు హెడ్‌సెట్ తగిలించుకొని, ఫ్రాన్సుల మెషీన్లు కరాబైనోళ్ల తిట్లు ఎనిమిదేండ్లు తిన్న. డ్రమ్ము తిరుగుతలేదు, నీళ్లు పోతలేవు, తలుపు తెరుసుకుంటలేదు. వాళ్లను తిట్టినంతసేపు తిట్టనిచ్చి, తేనె పూసిన గొంతుతోని మన్నించుమని అడుగుడే నా కొలువు. ఒకనాడు ఆ పనంతా ఇగ కంప్యూటరే చేస్తదని చెప్పి మా ఫ్లోర్‌నంతా ఇంటికి పంపిన్రు. మమ్మల్ని మాత్రం ఎవరూ మన్నించుమని అడగలే.

అట్ల కోకాపేటల, పెద్ద పెద్ద టవర్ల నడుమ ఉన్న ఒక బడిల రెండో తరగతికి ఫ్రెంచి టీచర్‌నైన. మా ప్రిన్సిపాల్ మేడం కోస్తా మనిషి. మెత్తగ మాట్లాడుతది, మెత్తగనే కోస్తది. చేరిన నాడే చెప్పింది.

"చూడండి, ఏడాది చివర్లో తల్లిదండ్రుల ముందు ప్రోగ్రాం ఉంటుందండి. పిల్లలు ఫ్రెంచిలో మాట్లాడితే ఫ్రెంచి ఉంటుంది. లేకపోతే ఆ పీరియడ్ కోడింగ్‌కి ఇచ్చేస్తాం. చాలామంది అదే అడుగుతున్నారు."

కోడింగ్ వచ్చిందంటే నేను పోయినట్టే. ఏడాదిల రెండుసార్లు కొలువు పోగొట్టుకున్నదాన్ని మళ్లెవరు పిలుస్తరు? ప్రగతి నగర్ నుంచి పొద్దుగాల బస్సుల నిలబడి వచ్చినంతసేపు నాకు అదే పరేషాన్.

పుస్తకంల పిల్లి ఉన్నది, యాపిల్ ఉన్నది, ఎర్ర రంగు, నీలి రంగు ఉన్నయి. రెండు నెలలు ఆ పిల్లిని పట్టుకొని వేలాడిన. పిల్లలు నోరు మెదిపితే ఒట్టు. పాపం వాళ్లకు మాత్రం ఏం ఓపిక ఉంటది? పొద్దున ఈత, సాయంత్రం చెస్సు, ఆదివారం కరాటే, నడుమ నేనూ నా పిల్లీ. అసలే నాకు కోపం ముక్కు మీదుంటది. ఒకనాడు పుస్తకం బల్ల మీదికి ఇసిరికొట్టి, ఏమన్న చేసుకోండ్రని కూసున్న.

ఆ రోజే ముందు బెంచి పాప నీళ్ల సీసా మూత పట్టేసుకొని రాకపోయేసరికి ఏడుపందుకున్నది. బుజ్జగించిన, కసిరిన, సీసా గుంజి చూసిన. మూత రాలే, ఏడుపు ఆగలే. ఇగ నా నోరు దానంతటదే పాత గొంతులకు పోయింది. ఫ్రెంచిల అన్న: "మేడం, మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాం. ఈ సమస్య ఎప్పటి నుంచి ఉన్నది?"

పాప టక్కున ఏడుపు ఆపింది. క్లాసంతా నా దిక్కే చూసింది. అర్థం చెప్పిన. పాప ముక్కు తుడుసుకొని, ఆ వాక్యాన్ని అదే తేనె గొంతుతోని మళ్ల నాకే అప్పజెప్పింది. రెండు నెలలు పిల్లి అనే మాట పలకని పిల్ల.

తెల్లారి నుంచి మా క్లాసు మాదాపూర్ ఫ్లోర్ అయింది. సగం మంది మెషీన్ కరాబైనోళ్లు, సగం మంది నా లెక్క ఫోనెత్తి మన్నించుమనేటోళ్లు. పెన్సిల్ డబ్బాలే ఫోన్లు. కంప్లయింట్ చేసుడంటే పిల్లలకు పానం. వాళ్ల మెషీన్లు పొగలు కక్కేటివి, సాక్సులు మింగేటివి. ఒకని మెషీన్లకు కప్ప వచ్చింది. కప్పను ఫ్రెంచిల ఏమంటరో వాడే అడిగి తెలుసుకున్నడు. నేను చేస్తున్నది సక్కగ లేదని నాకు తెలుసు. గని పిల్లలు గలగల మాట్లాడుతున్నరు, నా కొలువు నిలబడుతదన్న ఆశ కూడా పుట్టింది. అందుకే కండ్లు మూసుకున్న.

ఒకనాడు గేటు కాడ ఒక తల్లి పట్టుకున్నది. "మేడం, కాకరకాయ తినరా అంటే మావోడు ఫ్రెంచిల ఏదో చెప్పి లేచిపోతున్నడు. ఏంది అది?" తన ఫోన్ల వీడియో చూపించింది. "మీ విన్నపం నమోదైంది, మూడు పనిదినాలల్ల మా జవాబొస్తది" అంటున్నడు వాడు.

"అమ్మా, వంట బాగున్నది, కడుపు నిండింది అంటున్నడు" అని చెప్పిన. ఆమె ఎంత సంబురపడ్డదో. నాకే జర సిగ్గనిపించింది.

ప్రోగ్రాం కోసం మాత్రం బుద్ధిగ పుస్తకంల పిల్లి పాట నేర్పిన. పిల్లలు బాగనే పాడిన్రు. అక్కడికి ఆగితే నా బతుకు బాగుండు. మా ప్రిన్సిపాల్ మేడం పక్క టవర్ల ఉండే ఒక ఫ్రెంచి పెద్దావిడను ముఖ్య అతిథిగ పిలిచింది, నాకు ఒక్క మాట చెప్పకుంట. ఆ పెద్దావిడ స్టేజీ మీదికొచ్చి, మా సీసా పాప ముందు వంగి, ఎట్లున్నవు తల్లీ అని ఫ్రెంచిల ప్రేమగ అడిగింది.

"నమస్కారం మేడం. మీ కాంట్రాక్ట్ నంబర్ చెప్పండి" అన్నది పాప.

పెద్దావిడ తన దగ్గర నంబర్ లేదన్నది. పక్కనున్న పిల్లగాడు అందుకున్నడు. "ప్లగ్గు పెట్టి ఉన్నదా మేడం? ఒకసారి చూడండి." పాప రెండు చేతులూ జోడించి, "మిమ్మల్ని మా పై అధికారికి కలుపుతున్న" అని ప్రిన్సిపాల్ దిక్కు చూపింది. ఏం అర్థం కాని ప్రిన్సిపాల్ మేడం నవ్వుకుంట లేచి దండం పెట్టింది. పెద్దావిడ కండ్లల్ల నీళ్లొచ్చేదాక నవ్వి, మైకు తీసుకొని అందరికీ ఇంగ్లీషుల ఇడమరిచి చెప్పింది. మా మేడం నవ్వు అక్కడికక్కడే ఎండిపోయింది.

తెల్లారి నన్ను గదిలకు పిలిచింది. అక్కడ సీసా పాప వాళ్ల నాయిన కూసొని ఉన్నడు. కోడింగ్ కావాలని అందరికంటే ఎక్కువ లొల్లి పెట్టింది ఆయనే. ఇగ ఐపోయిందనుకొని నేనే ముందు అన్న. "తప్పంతా నాదే సార్. పిల్లలను ఏమనకుండ్రి."

"అది కాదు మేడం. నిన్న ప్రోగ్రాముకు నేను రానే లేదు" అన్నడు ఆయన. "నిన్ననే ఆఫీసుల మా టీమంతటినీ తీసేసిన్రు. ఇంట్ల ఇంక చెప్పలే. సాయంత్రం బాల్కనీల ఒక్కన్నే కూసుంటే పాప వచ్చి నా మొహం చూసింది, పక్కన కూసొని ఏదో అన్నది. అర్థమేందిరా అంటే మా టీచర్‌ను అడుగు అన్నది. మళ్లొకసారి అనిపిచ్చి రికార్డు చేసిన."

ఫోన్ నా ముందు పెట్టిండు. చిన్న గొంతు, తేనె గొంతు. "జ వు కోంప్రాన్, మొస్యో. జ రెస్త్ ఆవెక్ వు."

"మీ బాధ నాకు అర్థమైంది సార్, నేను మీతోనే ఉంట" అని అర్థం చెప్పిన. ఎనిమిదేండ్లు రోజుకు వందసార్లు అన్న మాట అది. పల్లీలు నములుకుంట అన్న, గోర్లు గిల్లుకుంట అన్న. ఒక్కసారి కూడా మనసుల అనుకోలే.

ఆయన ఫోన్ అందుకొని ఆ రికార్డు మళ్లొకసారి పెట్టుకొని విన్నడు. ప్రిన్సిపాల్ మేడం మెల్లగ అడిగింది. "మరి కోడింగ్ విషయం ఏమంటారండి?"

"కోడింగ్ ఏడికి పోతది మేడం. ఫ్రెంచి ఉండనీయండి" అని, నా దిక్కు తిరిగిండు. "మేడం, ఆ మాట నాకు జర నేర్పిస్తరా? ఇయ్యాల మా ఆమెకు సంగతి చెప్పాలె. విన్నంక ఆమెకు ధైర్యం చెప్పేటందుకు నా దగ్గర మాటల్లేవు."

ఆయనతోని అక్కడే అనిపిచ్చిన. మొదటిసారి తడబడ్డడు. రెండోసారి గొంతుల నుంచి వచ్చింది, ముక్కుల నుంచి రావాలె సార్ అన్న. మూడోసారి సగంల ఆగి, "మా ఆమె ముందు గిట్లనే ఆగిపోతనేమో మేడం" అన్నడు. నేను ఇడిసిపెట్టలే, మళ్ల మొదటి నుంచి అనమన్న.