అయ్యో అనే అంపైరు

నా చదువు ఏడో తరగతితో ఆగిపోయింది. కానీ ఒకసారి చెవిన పడ్డది నన్ను వదిలిపోదు. దేశం కాని దేశంలో, డార్విన్ అనే ఊళ్ళో, ఆసుపత్రి వంటగదిలో పనిచేస్తాను. ఏ వార్డులో ఎవరికి ఉప్పు లేని కూర, ఎవరికి మెత్తటి అన్నం అన్నది కాగితం చూడకుండా చెప్పేస్తాను. బేస్‌బాల్ కూడా నాకు అలాగే వచ్చింది. మా అమ్మాయి ఆ ఆటలో చేరిన కొత్తలో కారు వెనక సీట్లో కూర్చుని రూల్సు పుస్తకం పైకి చదివేది. తను ఎప్పుడో మరిచిపోయింది. నాకు ఉండిపోయింది.

ఒక శనివారం పొద్దున చిన్నపిల్లల ఆటకు అంపైరు రాలేదు. ఆట మానేద్దామనుకుంటుంటే మా అమ్మాయి పోయి నన్ను చూపించింది. అంతే, ముఖానికి ఊచల మాస్కు, ఛాతీకి దిండులాంటి కవచం కట్టి నన్ను బంతి పట్టే క్యాచరు వెనక నిలబెట్టారు. అలా నిలబడ్డదాన్ని రెండేళ్ళు నిలబడ్డాను.

పని చెప్పడానికి తేలికే. విసిరిన బంతి నేలమీది తెల్ల పలక మీదుగా, బ్యాటు పట్టినవాళ్ళ మోకాళ్ళకీ గుండెలకీ మధ్యలో వస్తే, కొట్టకపోయినా అది స్ట్రైకని నేను చేయి లేపాలి. మూడు స్ట్రైకులైతే అవుట్. చిక్కల్లా నా నోటితోనే. మూడోది పడగానే, అవుట్ అనడానికి ముందు, నా నోట్లోంచి 'అయ్యో' అని వచ్చేసేది. గిన్నె జారినా, బస్సు తప్పిపోయినా, ఎవరికో జ్వరమని విన్నా మనం అనమూ? ఇదీ అంతే. పిల్లలకు ఆ మాట భలే నచ్చింది. కొన్నాళ్ళకు నాకంటే ముందు వాళ్ళే అయ్యో అనుకుని బ్యాటు ఈడ్చుకుంటూ వెళ్ళిపోయేవారు. అవుట్‌కి అది ఇంకో పేరనుకున్నారు.

పోయిన సీజన్ చివర్లో ఒక చిన్నపిల్ల బ్యాటు పట్టుకుని వచ్చింది. అప్పటికే రెండు స్ట్రైకులు, కళ్ళ నిండా నీళ్ళు. మూడో బంతి నిఖార్సుగా మధ్యలోంచి వచ్చింది. నా చేయి లేవలేదు. స్ట్రైకు కాదన్నాను. బంతి విసిరినదీ ఒక ఆడపిల్లే. అది తన చేతినే తిప్పి చూసుకుంది, తప్పు అక్కడేదో ఉన్నట్టు. ఆ రోజు ఇంటికొచ్చి వండానుగానీ ఏం వండానో తెలియదు.

ఈ ఏడు వానలు ఆగాక, అంపైర్లకు డ్యూటీలు వేసే పెద్దాయన కాగితం ఇచ్చాడు. పిల్లలు, ఆడవాళ్ళు, మగవాళ్ళలో అన్నిటికంటే కింది గ్రేడు అని మూడు గళ్ళు. నీకు పిల్లల ఆటలే కదా అని పెన్ను కూడా అక్కడే పెట్టాడు. ఇంటికి తీసుకెళ్ళి ఆలోచిస్తానన్నాను.

మగవాళ్ళ ఆటకు వెళ్తానంటే మా ఆయన అన్నం కలుపుతూ ఆగాడు. "వాళ్ళు తిట్టే తిట్లు నీకు అర్థమైనా బాగుండదు, అర్థం కాకపోయినా బాగుండదు."

"కిడ్స్‌కే చెయ్యి మా. దే లవ్ యూ," అంది మా అమ్మాయి ఫోన్‌లోంచి తలెత్తకుండా.

"అదేనమ్మా తంటా. వాళ్ళ దగ్గర నేను అబద్ధం ఆడాను," అని ఆ మూడో బంతి సంగతి చెప్పాను.

మా ఆయన ముద్ద మింగి, "అయితే వాళ్ళ దగ్గరే నిజం ఆడు," అన్నాడు.

న్యాయమైన మాటే. కానీ ఏడ్చే ముఖం ముందు నా చేయి లేవడం లేదు. అది ఒప్పుకోవడానికి నాకు సిగ్గేమీ లేదు. ముందు చేయి లేవడం నేర్చుకోవాలి. పెద్దాయనకు ఫోన్ చేసి, మగవాళ్ళది ఒక్క ఆట ఇవ్వండి, తర్వాతే టిక్కు పెడతానన్నాను. నవ్వి, సరే అన్నాడు.

శనివారం మధ్యాహ్నం, మైదానం మీద గద్దలు తిరుగుతున్నాయి. ఆడేవాళ్ళు ఒక్కొక్కరు గుమ్మమంత ఉన్నారు. బంతి బుస్సుమంటూ వచ్చేది. మొదటి అరగంట బంతికంటే మనుషులనే ఎక్కువ చూశాను. తర్వాత బంతి తప్ప ఇంకేదీ కనిపించలేదు.

చివరి వంతులో ఒక్క పరుగు తేడా. ఎర్రగడ్డం మనిషి బ్యాటు పట్టాడు, రెండు స్ట్రైకులు పడ్డాయి. మూడో బంతి సరిగ్గా మోకాలి ఎత్తున పలక మీదుగా పోయింది. అతను కదల్లేదు. "అయ్యో," అన్నాను. ఆపుకుందామనుకున్నా ఆగలేదు. వెంటనే పిడికిలి లేపి అవుట్ అన్నాను.

అతను నా మీదికి తిరిగాడు. వాళ్ళ పాప నేను నిలబడ్డ పిల్లల ఆటల్లో ఆడిందట. అయ్యో అంటే బాధపడటమని తనకు తెలుసునట. నువ్వు బాధపడ్డావంటే అది స్ట్రైకు కాదనేగా అని గట్టిగా అడిగాడు. రెండు జట్లూ నా వైపే చూస్తున్నాయి. నాకున్న ఇంగ్లీషంతా కూడదీసుకున్నాను.

"సారీ ఫర్ యూ. నాట్ ఫర్ ద బాల్. అవుట్."

మాస్కు లోపల క్యాచరు నవ్వడం వినిపించింది. గడ్డం మనిషి ఇంకా నిలబడే ఉన్నాడు. నా పిడికిలీ దిగలేదు. భుజం నొప్పెడుతోంది, అయినా దించలేదు. చివరికి అతనే ఏదో గొణుక్కుంటూ వెళ్ళిపోయాడు.

ఆట అయ్యాక పెద్దాయన కాగితంతో వచ్చాడు. పిల్లలు నీ కోసం అడుగుతారు అన్నాడు. అయినా పెన్ను తీసుకుని మగవాళ్ళ గడిలో టిక్కు పెట్టాను.

అందరూ పిల్లలదే తేలికని అక్కడే ఉండిపోవాలనుకుంటారు, నువ్వేమిటి, అన్నాడు.

నాకు పిల్లలదే కష్టమైన గ్రేడని చెప్పాను. ఈ ఏడాదికి వాళ్ళ దగ్గర ఎవరైనా గట్టివాళ్ళను వెయ్యమన్నాను. ఆయనకు ఎంత అర్థమైందో తెలియదు. వచ్చే శనివారం ఎన్నింటికి రావాలో రాయించుకుని, మాస్కు సంచిలో పెట్టుకున్నాను.